షుగర్ అదుపులోనే ఉంది, మరి బిడ్డ నాలుగు కిలోలెందుకు?

కోనసీమలో అమ్మాయి నీళ్లోసుకుందంటే పుట్టింటి నుంచి చలిమిడి వస్తుంది. బియ్యప్పిండి, బెల్లప్పాకం, నెయ్యి, మధ్యమధ్యలో కొబ్బరి ముక్కలు. "ఒట్టి మనిషివా ఏంటి, ఇద్దరి తిండి తినాలి" అంటూ పక్కింటి పిన్నిగారు ఇంకో ముద్ద చేతిలో పెడతారు. ఇప్పుడు ఆ పళ్లెంతో పాటు షుగర్ రిపోర్టు కూడా అందరి నోళ్లలో నానుతోంది. అంకె బాగుంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం. కానీ బిడ్డ బరువును తేల్చేది ఆ అంకె ఒక్కటే కాదు.

ముందు చక్కెర సంగతి. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. వచ్చిపడే గ్లూకోజును సర్దడానికి బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది. కడుపులో ఉన్నంతకాలం ఆ ఇన్సులినే ఒళ్లు పెంచే హార్మోను కూడా. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించాడు. కొవ్వు భుజాల దగ్గర, పొట్ట మీద ఎక్కువ పేరుకుంటుంది, తల మాత్రం మామూలుగానే ఉంటుంది. అందుకే కాన్పులో తల వచ్చేశాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం. బొడ్డు కోయగానే తల్లి నుంచి గ్లూకోజు ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దాంతో బిడ్డ షుగర్ పడిపోవచ్చు. పుట్టిన కాసేపటికే నర్సమ్మ మడమ మీద సూదితో గుచ్చి బొట్టు రక్తం తీసేది, పాలు వెంటనే పట్టమని తొందరపెట్టేది ఇందుకే.

తొమ్మిది దేశాల్లో దాదాపు 25,000 మంది గర్భిణులను పరిశీలించిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. తల్లి గ్లూకోజు పెరిగేకొద్దీ బిడ్డ బరువూ పెరుగుతుందని తేల్చింది. అదే సమాచారంలో ఇంకో మాట కూడా ఉంది: షుగర్ లేకపోయినా, బరువెక్కువ ఉన్న తల్లులకు పెద్ద పిల్లలు పుట్టే అవకాశం ఎక్కువే. రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ.

దీనికి ఒక కారణం కొవ్వులు. చివరి నెలల్లో తల్లి రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు ఎలాగూ రెండు మూడు రెట్లు పెరుగుతాయి. బరువెక్కువై ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో ఇంకా పెరుగుతాయి. మాయలోని ఎంజైములు వాటిని విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా బిడ్డకు అందిస్తాయి. గ్లూకోమీటరుకు ఇదేమీ కనపడదు.

"మావాళ్లెవరూ లావు కాదండీ" అంటారు. మన లెక్క వేరు. 155 సెంటీమీటర్ల ఎత్తుకు 55 కిలోలు దాటితే చాలు అధిక బరువు, 60 దాటితే ఊబకాయం. పుణె పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూసిన పల్లె పిల్లలు సగటున 2.7 కిలోలే ఉన్నారు. ఇంగ్లండు పిల్లలతో పోలిస్తే కండ తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి తూకంలో చిన్నగా కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం.

అలాగని కడుపు మాడ్చుకోమని కాదు, అది బిడ్డ ఎదుగుదలకే దెబ్బ. అన్నం కొంచెం తగ్గించి పప్పు, చేప, ఆకుకూర పెంచితే చాలావరకు కుదురుతుంది. చేపకు మన డెల్టాలో కరువా! అసలు బరువు తగ్గించుకోవాల్సింది గర్భానికి ముందు. అంటే మొదటి కాన్పులో షుగర్ వచ్చినవాళ్లకు రెండో కాన్పుకు ముందున్న కాలం. పురిటి తర్వాత మిగిలిపోయిన కిలోలతోనే మళ్లీ గర్భం వస్తే షుగర్ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కాన్పైన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పిల్లకు మొదటి పెంటావాలెంట్ టీకా కూడా ఆరు వారాలకే కాబట్టి ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయి.