బిషప్ కుర్చీకి ఇంత పోటీ ఎప్పటి నుంచి?

చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్ఐలో పదవుల గొడవ మళ్లీ రాజుకుంది. 2023 జనవరిలో కోయంబత్తూరులో జరిగిన సినాడ్ (సీఎస్ఐని నడిపే పై సభ) ఎన్నికలు, బిషప్పుల రిటైర్మెంట్ వయసును 67 నుంచి 70కి పెంచే సవరణ, రెండూ మద్రాసు హైకోర్టుకెక్కాయి. 2024 ఏప్రిల్‌లో కోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను సినాడ్ వ్యవహారాలు చూడమని వేసింది. తగువు అక్కడితో ఆగక సుప్రీంకోర్టు దాకా పోయింది. క్రీస్తు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి సండే స్కూల్ పిల్లలకూ తెలుసు కాబట్టి దాన్ని వదిలేద్దాం. అలా కాళ్లు కడిగి సేవ చేయాల్సిన పదవికి ఇంత పోటీ ఎందుకొచ్చిందో తెలియాలంటే డోర్నకల్ వెళ్లాలి.

తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్, అంటే ఇంగ్లాండ్ చర్చి సంప్రదాయపు సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టబట్టే అది జరిగింది. తెల్లవాళ్ల మీద నల్లబిషప్ అధికారమేమిటని గొణిగినవాళ్లు తక్కువేమీ కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య మిషనరీల మొహం మీదే ఓ మాట అన్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. దొరతనం చూపించే మిషనరీలకు ఆ మాట గుచ్చుకుంది.

అలా అడిగిన మనిషి తాను బిషప్ అయ్యాక ఏం చేశాడన్నదే ఇవాళ్టి గొడవకు పనికొచ్చే సంగతి. ఎడ్లబండి మీదా సైకిల్ మీదా పల్లెలు తిరిగారు. అక్కడ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్లను పట్టి పీడించే దయ్యాలు నాలుగని చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బాప్తిస్మం పొందినవాళ్లు తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (నాకు కీడు) అని పలకాలి. అంటే చేరిన రోజునుంచే ప్రతి కూలీకీ పని అప్పగించేవారు. చెప్పేవాడొకడు, వినేవాళ్లు మిగతావాళ్లు అన్న లెక్క అక్కడ లేదు. సంఘం తన ఖర్చు తానే భరించాలని గట్టిగా పట్టుబట్టేవారు. అన్నం వండే ముందు పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం, కోత పండుగకు బలిపీఠం ముందుకొచ్చే వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, ఆరాధన తర్వాత వాటికి వేలంపాట... ఇవి తెలుగు సీఎస్ఐ పల్లెల్లో ఇప్పటికీ చూడొచ్చు. ఆ ఊరి బియ్యం మీద బతికే పాస్టర్ అయ్యగారు ఆ ఊరివాళ్ల ముందు పెత్తనం చేయడం కష్టం. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్ ప్రధాన చర్చి) 1939 జనవరిలో ప్రతిష్ఠ అయ్యేసరికి కట్టడం మొదలై పాతికేళ్లు. డబ్బు అంత నిదానంగా వచ్చేది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘం కలిసి సీఎస్ఐ అయ్యాయి. ఆ ఐక్యత కోసం 1919లో తరంగంబాడి సమావేశం నుంచీ పాటుపడిన అజరయ్య దాన్ని చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. అందరూ ఐక్యతనే గుర్తుంచుకుంటారు. నా లెక్కలో మాత్రం అసలు మలుపు ఆ 1947లోనే ఏర్పడిన సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్. తర్వాతి ఏళ్లలో మిషన్ బంగళాలు, ఆస్పత్రులు, స్కూళ్లు, ఊరి నడిబొడ్డున కాంపౌండ్లు ఒక్కొక్కటే దాని పేరుకొచ్చాయి. పేరు ట్రస్టుదే, తాళంచెవులు మాత్రం డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఆఫీసులో. ఎవరికి ఏ స్కూల్లో ఉద్యోగం, ఏ షాపు ఎవరికి లీజుకు, ఏ అయ్యగారికి ఏ పాస్టరేట్‌కు (పాస్టర్ చూసుకునే సంఘాలకు) ట్రాన్స్‌ఫర్ అన్న నిర్ణయాల్లో బిషప్ మాటకు బరువొచ్చింది. పిడికెడు బియ్యం లెక్క పల్లెలో మిగిలిపోయింది, కాంపౌండ్ లెక్క టౌన్‌కు చేరింది.

ఇక ఎన్నిక. డయాసిస్ కౌన్సిల్ ఓట్లేసి కొందరి పేర్లతో ప్యానెల్ పంపితే, అందులోంచి సినాడ్ ఒకరిని ఎంచుతుంది. పైనుంచి రుద్దకుండా సంఘమే నాయకుణ్ణి ఎంచుకోవాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన పద్ధతి ఇది. కుర్చీ వెనుక ఆస్తి చేరాక అదే పద్ధతిలో గ్రూపులు, ఓట్ల లెక్కలు, స్టే ఆర్డర్లు వచ్చిపడ్డాయి. కౌన్సిల్లో ఓటున్నవాళ్లకే ఆ గ్రూపులతో పని. వేలంపాటలో కోడిని కొనుక్కుని ఇంటికెళ్లే మనిషికి అక్కడ ఏం జరిగిందో చెప్పేవాడు లేడు.

పదవిలో ఉన్నవాళ్ల వైపూ ఒక మాట ఉంది. వందల సంస్థలు నడపాలంటే అనుభవం కావాలి, మూడేళ్లు పెంచితే కొంప మునగదు. అజరయ్య కూడా 70 ఏళ్ల వయసులో పదవిలో ఉండగానే పోయారు కదా అనొచ్చు. నిజమే, ముప్పై రెండేళ్లు బిషప్‌గా ఉన్నారు. కానీ ఆ వయసు కోసం ఆయన ఎవరిచేతా సవరణ చేయించుకోలేదు. ఇప్పుడు కోర్టులు తేల్చాల్సొచ్చింది వయసు సంగతి కాదు, ఆ సవరణకు డయాసిస్ కౌన్సిళ్ల ఆమోదం నిబంధనల ప్రకారం వచ్చిందా లేదా అన్నది.