తెల్లబట్ట భయం, గర్భసంచి ఆపరేషన్, మధ్యలో తప్పిపోయిన పరీక్ష

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నలభై దాటిన ఆడవాళ్లను కదిలిస్తే గర్భసంచి తీయించుకున్న మాట తరచూ వినిపిస్తుంది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నవాళ్లున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు మన రాష్ట్రంలో 8.9 శాతం. దేశంలో అదే ఎక్కువ. 2019-21 సర్వేకొస్తే, 30-49 ఏళ్లవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశం మొత్తంమీద 1.9 శాతమే. పరీక్ష జరగనిచోట కత్తి ముందుకొచ్చింది. నాకైతే ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదవాలనిపించదు.

పరీక్ష లేక కాదు. 1928లోనే పాపనికొలావ్ అనే వైద్యుడు ముఖద్వార కణాలను మైక్రోస్కోప్‌లో చూసి క్యాన్సర్ పట్టొచ్చన్నాడు. 1941లో ట్రాట్ అనే మరో వైద్యుడితో కలిసి రాసిన వ్యాసంతో పాప్ స్మియర్ నిలబడింది. అయితే దాని లోపాలు దానికున్నాయి. గీకిన కణాలు సరిపోకపోయినా, స్లైడ్‌ను ఆల్కహాల్‌లో ముంచేలోపు ఆరిపోయినా, చూసే కన్ను అలసిపోయినా జబ్బు జారిపోతుంది. సంపన్న దేశాలు కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ పిలిచి ఆ లోటు పూడ్చుకున్నాయి. కూలి మానుకుని ఒక్కసారి రావడమే గగనమైన మనిషికి ఆ పద్ధతి ఎలా కుదురుతుంది?

అందుకే వీఐఏ అనే, కంటితోనే చూసే పరీక్ష వచ్చింది. 3-5 శాతం అసిటిక్ యాసిడ్ పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన చోటు చూడటం. ముంబయి మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలతో చేయిస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. 2016 కేంద్ర మార్గదర్శకాలు 30-65 ఏళ్లవారికి ఐదేళ్లకోసారి దీన్నే చెప్పాయి. కానీ మామూలు వాపు ఉన్నా తెల్లబడొచ్చు. ముట్లు ఆగాక చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, కంటికి ఆనదు.

1983లో జర్మన్ శాస్త్రవేత్త హారల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ గడ్డల్లో హెచ్‌పీవీ-16 వైరస్‌ను పట్టుకోవడంతో దారి మారింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మందితో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసిన గుంపులో మరణాలు దాదాపు సగమయ్యాయి. పాప్, వీఐఏ గుంపుల్లో అంత తేడా కనిపించలేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకే మొగ్గు చూపింది. శాంపిల్ ఎవరికి వారే తీసుకోవచ్చంది కూడా. సిగ్గుతో వెనక్కి తగ్గేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

మన దగ్గర చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వైరస్ ఉందంటే క్యాన్సర్ ఉందని కాదు, చాలామందిలో ఒకట్రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఆ సంగతి విడమరిచి చెప్పకుండా ‘పాజిటివ్’ అని కాగితం చేతిలో పెడితే టెన్షన్‌తో నేరుగా ఆపరేషన్‌కే వెళ్తారు. లోపల నిజంగానే క్యాన్సర్ ముదిరి ఉంటే మామూలు గర్భసంచి ఆపరేషన్ సరైన వైద్యమూ కాదు.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022లో టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రీ వచ్చింది. వి.కోట, కుప్పం వాళ్లకు మాత్రం తిరుపతి కన్నా వేలూరో, బెంగళూరో దగ్గర. పాజిటివ్ వచ్చినవాళ్లకు కావాల్సింది దగ్గర్లో కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్ష), అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష. క్యాన్సర్‌కు ముందు దశే అయితే చాలామందికి ఆ చోటును వేడితో కాల్చే థర్మల్ అబ్లేషన్ సరిపోతుంది. కొన్ని నిమిషాల పని, మత్తు అక్కర్లేదు, గర్భసంచి తీయక్కర్లేదు.