"నా చేతిలోంచే ఒలికింది కదండీ!": పార్శిల్ కాఫీతో కాలిన గాయాలపై అపోహలు - వాస్తవాలు

నష్టపరిహారం కేసులు చూసే లాయరుగా నేను తరచూ వినే మాట ఇది. కాలిన తొడకు కట్టు కట్టుకుని, కుర్చీలో ఓ పక్కకు ఒరిగి కూర్చుని మరీ అంటారు. తప్పు చేసినవాళ్లలా గొంతు తగ్గించి.

అపోహ: ఒలకబోసుకున్నది నేనే, బాధ్యతంతా నాదే.

వాస్తవం: ఒలకడం వేరు, ఒలికితే ఎంత కాలిందన్నది వేరు. చెయ్యి జారినందుకు మీ వాటా కొంత ఉండొచ్చు. కానీ మూత సరిగ్గా నొక్కారా, కప్పు అడుగు మెత్తబడిందా, ఎంత వేడిగా చేతికిచ్చారు అన్నవి అమ్మినవాళ్ల లెక్కలోకి వస్తాయి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలు.

"అమెరికాలో ఒకావిడ కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసింది" అని నవ్వుతారే, ఆ కేసు ఒకసారి చదవండి. 1992లో, అల్బుకర్కీ అనే ఊళ్లో, 79 ఏళ్ల పెద్దావిడ. ఆమె కారు నడపడం లేదు, ఆగి ఉన్న కారులో పక్క సీట్లో ఉంది. మెక్‌డొనాల్డ్స్ అప్పట్లో కాఫీని 82 నుంచి 88 డిగ్రీల వేడిలో ఉంచేది. ఆవిడ వేసుకున్న కాటన్ ప్యాంటు కాఫీని పీల్చి ఒంటికి అంటుకుపోయింది. చర్మం అతికించే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మొదట అడిగింది 20,000 డాలర్లే. కంపెనీ ఇస్తానన్నది 800. అంతకు ముందు పదేళ్లలో అలాంటి ఫిర్యాదులు 700 దాకా వచ్చాయని విచారణలో తేలింది. 1994లో జ్యూరీ, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం, ఆవిడ తప్పు 20 శాతం, కంపెనీది 80 శాతం అని తేల్చింది. జ్యూరీ ఇమ్మన్న పరిహారం, పేపర్లకెక్కిన ఆ లక్షల డాలర్లను, జడ్జి బాగా తగ్గించారు, చివరికి రాజీతో ముగిసింది. మీ తప్పు 20 శాతమైతే మిగతా 80 అడగొచ్చన్నమాట. వాటాలు పంచే తీరు దేశాన్ని బట్టి మారుతుంది.

అపోహ: కాలితే డబ్బు గ్యారంటీ.

కాదు. ఇంగ్లండ్‌లో 2002లో ఇలాంటి దావానే కోర్టు కొట్టేసింది. కాఫీ వేడిగా ఉంటుందని అందరికీ తెలుసు, కప్పూ మూతా బాగానే ఉన్నాయి అంది.

అపోహ: కప్పు మీద 'వేడి, జాగ్రత్త' అని ఉంటే కంపెనీ బయటపడ్డట్టే. కాదు. అల్బుకర్కీ కప్పు మీదా ఆ మాట ఉంది. జ్యూరీకి అది చాలలేదు.

ఒంటి మీద పడిన వెంటనే 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. ఐసు, టూత్‌పేస్టు వద్దు. బొబ్బలొచ్చినా, పసిపిల్లల మీద పడినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. కేసు గురించి అప్పుడే టెన్షన్ పడకండి. కప్పు, మూత, బిల్లు మాత్రం పారేయొద్దు, గాయానికి రోజూ ఫొటో తీయండి.

ఇంత చెప్పే నేనేం చేశానో వినండి. ఓసారి మూత ఊడి టీ నా మణికట్టు మీద పడింది. కౌంటర్‌లో కుర్రాడికి నేనే సారీ చెప్పి, కప్పూ మూతా నలిపి చెత్తబుట్టలో పడేశాను. కాసేపటికి చెయ్యి బొబ్బలెక్కింది. వెనక్కి వెళ్లి బుట్టలో వెతుకుదామంటే సిగ్గేసింది.