వూఫర్ బిగించే ముందు మీటరు పెట్టి చూడండి

నల్లగొండ

చిరంజీవులైన మనుమలకు తాత ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు కారు డిక్కీలో రెండు వూఫర్లు (బేస్ మోత వినిపించే పెద్ద స్పీకర్లు) బిగించుకుంటామని మీరన్న మాట నాకు గుర్తున్నది. ఆ పనికి పూనుకునే ముందే విద్యుత్ నిరోధం, అంటే కరెంటు పారకుండా అడ్డుకునే గుణం సంగతి మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సాగర్ ఎడమ కాలువ కింద పొలాలకు నీళ్లు వదలడం మీరు చూశారు. ఒక తూము పక్కన అంతే వెడల్పున్న మరో తూము కూడా తెరిస్తే నీటికి దారి రెట్టింపై, కాలువ నుంచి పోయే నీరూ రెట్టింపవుతుంది. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపి వూఫర్లను సమాంతరంగా బిగిస్తే జరిగేదీ అదే. నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. 4 ఓమ్‌లవి రెండు కలిస్తే 8 అవుతుందని మీకు తోచవచ్చు, కానీ వూఫర్లను నడిపే ఆంప్లిఫైయర్ మీద పడేది 2 ఓమ్‌లే. మొదటిదాని మైనస్సును రెండోదాని ప్లస్సుకు కలిపి శ్రేణిలో బిగించినప్పుడే 8 అవుతుంది. వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందన్న సూత్రాన్ని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రచురించాడు; దాని ప్రకారం 12 వోల్టులు 4 ఓమ్‌ల గుండా 3 ఆంపియర్లను, 2 ఓమ్‌ల గుండా 6 ఆంపియర్లను పంపిస్తాయి.

ఈ లెక్క వేయక నేనొకసారి నష్టపోయాను. బ్రిడ్జి చేసినప్పుడు, అంటే రెండు చానెళ్లను కలిపి ఒకటిగా వాడినప్పుడు, 4 ఓమ్‌లకు తగ్గరాదని ఆంప్లిఫైయర్ వెనుక రాసి ఉన్నా చదవకుండా, రెండు వూఫర్లను సమాంతరంగా కలిపి ఇచ్చాను. కాసేపటికి పైరేకు మీద చేయి పెట్టలేనంత వేడెక్కి, కాలిన వాసనతో అది శాశ్వతంగా ఆగిపోయింది.

రెండేసి కాయిళ్లు (లోపలి తీగచుట్టలు) ఉన్న వూఫర్లయితే మరింత జాగ్రత్త అవసరం. ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లు ఉండి, నాలుగింటినీ సమాంతరంగా కలిపితే 1 ఓమ్ మాత్రమే మిగులుతుంది. ఒక్కో వూఫర్‌లోని రెండింటినీ శ్రేణిలో కలిపి, ఆ జతలను సమాంతరంగా ఇస్తే తిరిగి 4 వస్తుంది. మల్టీమీటరులో 4కు బదులు 3.5 కనిపిస్తే కంగారు పడకండి. మీటరు చూపేది కాయిల్ తీగ నిరోధాన్ని. డబ్బా మీద రాసేది పాట నడిచేటప్పుడు శబ్దపు పౌనఃపున్యాన్ని బట్టి మారే ఇంపెడెన్స్‌కు (కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డుకు) పేర్కొన్న విలువ.

బ్యాటరీ తీగ విషయంలో మాత్రం నిరోధం ఎంత తక్కువైతే అంత మేలు. 50 ఆంపియర్లు పారే దారిలో 0.02 ఓమ్ ఉన్నా ఒక వోల్టు అక్కడే పోయి, 50 వాట్లు వేడిగా మారుతాయి. అందుకే మందపాటి రాగి తీగ తీసుకోండి, ఎర్త్ తీగను కారు బాడీకి బిగించే చోట రంగును ఇనుము మెరిసేదాకా గీకండి, ఫ్యూజును బ్యాటరీకి అతి దగ్గరలో పెట్టండి.

అన్నీ బిగించాక బేస్ పలచగా వినిపిస్తే ఏదో ఒక వూఫర్‌కు ప్లస్, మైనస్ తారుమారై ఉండవచ్చు. అప్పుడు తీగలను ఆంప్లిఫైయర్ దగ్గర ఊడదీసి, గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లును ఒక్కో వూఫర్‌కు పోయే తీగల కొసలకు క్షణం పాటు ప్లస్సుకు ప్లస్సుగా తాకించండి. సరిగ్గా ఉన్నదాని కోను (ముందు కదిలే గరాటు లాంటి భాగం) కొద్దిగా ముందుకు వస్తుంది, తారుమారైనది లోపలికి పోతుంది.

మీ తాత