రుంగ్‌హోల్ట్ మునిగింది ఒక్క రాత్రిలో కాదు

ఉత్తర జర్మనీ పశ్చిమ తీరంలో ఆటు సమయానికి సముద్రం తగ్గితే, స్యూడ్‌ఫాల్ అనే చిన్న దీవి చుట్టూ ఎటు చూసినా బురదే. 1921 నుంచి ఆ బురదలో తిరిగిన స్థానిక పరిశోధకుడు ఆండ్రియాస్ బుష్‌కు బావుల ఆనవాళ్లు, పొలాల కాలువల గీతలు, కరకట్ట తూముల కొయ్య దుంగలు దొరికాయి. మునిగిపోయిన రుంగ్‌హోల్ట్ అనే ఊరు అదే. 1345లో హాంబర్గ్‌లో రాసిన ఒక వీలునామాలో దాని పేరుంది. మరో పదిహేడేళ్లకు ఊరే లేదు.

1362 జనవరి 16న శీతాకాలపు తుపాను ఉత్తర సముద్రాన్ని తీరం మీదికి తోసింది. కరకట్టలు తెగాయి. ఆ ఉప్పెనకు మిగిలిన పేరు 'గ్రోటే మాండ్రెంకే', అంటే మనుషులను మింగిన మహా ముంపు. చచ్చినవారు పాతిక వేలన్నారు, అంతకు ఎన్నో రెట్లన్నారు. లెక్కపెట్టినవారు లేరు కాబట్టి ఆ అంకెలను నేను నమ్మను.

ఊళ్లో తాగుబోతులు పందిని మంచమెక్కించి, రోగి అని చెప్పి మతగురువును పిలిచారట, అందుకు దేవుడు శిక్షించాడట. కథ బాగుంది గానీ, అసలు సంగతి ఉప్పులో ఉంది. అక్కడ పైమట్టి కింద పీట్ ఉండేది. వేల ఏళ్లుగా మొక్కలు కుళ్లి పేరుకున్న నల్లటి పొర అది. సముద్రపు నీటిలో నానిన ఆ పీట్‌ను తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదను ఉప్పునీటిలో కలిపి కాస్తే ఉప్పు దిగేది. ఉప్పుతో డబ్బు వచ్చింది, తవ్విన మేరకు నేల దిగింది. సాగు కోసం కాలువలు తీసి నీరు బయటికి వదిలేసరికి మిగతా పీట్ కూడా ఎండి కుంగింది. కట్టలేమో నేటి వాటి ముందు పొలం గట్ల లాంటివి. పైగా 1350 ప్రాంతంలో ప్లేగు జనాన్ని ఊడ్చేశాక వాటిని బాగుచేసే చేతులూ తగ్గాయి.

నెదర్లాండ్స్‌లోనూ ఇవే పీట్ నేలలు. 1287 డిసెంబరు నాటి ఉప్పెన లాంటివి వాటిని కోసుకుపోగా జౌడర్‌జే అనే ఉప్పు అఖాతం విస్తరించింది. 1932లో 32 కిలోమీటర్ల కట్ట వేసి దాన్ని మూశారు.

రుంగ్‌హోల్ట్ ఉన్న స్ట్రాండ్ దీవి 1634 అక్టోబరులో మరో ఉప్పెనకు ముక్కలైంది. పెల్‌వోర్మ్, నార్డ్‌స్ట్రాండ్ దాని శకలాలే. 2023లో పరిశోధకులు అయస్కాంత పరికరాలతో బురద కింద 40 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చర్చి పునాదులను గుర్తించారు. పోటు వచ్చిపోయినప్పుడల్లా అక్కడి ఆనవాళ్లు కొంచెం కొంచెంగా కోసుకుపోతూనే ఉన్నాయి.