కోచింగ్ వృత్తిలో నైతిక నియమావళి: ఎలా వచ్చింది, ఎంతవరకు నిలుస్తోంది

ఉన్నతోద్యోగులు, సంస్థల అధిపతులు, వృత్తి మార్చుకోవాలనుకునేవారు తమ ఆలోచనలను తేటపరచుకోవడానికి ఈ రోజుల్లో ప్రొఫెషనల్ కోచ్‌లను ఆశ్రయిస్తున్నారు. ఇది పరీక్షల కోచింగూ కాదు, క్రీడా శిక్షణా కాదు. ఒక మనిషి తన భయాలనూ బలహీనతలనూ ఆశలనూ మరొకరి ముందు విప్పి చెప్పుకునే ఏకాంత సంభాషణ. ఇంత సున్నితమైన పనికి చాలా దేశాల్లో లైసెన్సు అక్కర్లేదు. వైద్యుడు తప్పు చేస్తే వైద్య మండలి అడుగుతుంది, న్యాయవాది గీత దాటితే బార్ కౌన్సిల్ అడుగుతుంది. కోచ్‌ను అడగడానికి చట్టం పెట్టిన మండలి ఏదీ సాధారణంగా ఉండదు. చట్టం చేయవలసిన పనిలో చాలా భాగాన్ని ఇక్కడ నైతిక నియమావళే మోస్తోంది.

ఈ పరిస్థితికి మూలం వృత్తి పుట్టిన తీరులోనే ఉంది. 1974లో టిమొతీ గాల్వే టెన్నిస్ గురించి రాసిన పుస్తకం, ఆటగాడికి అడ్డుపడేది ఎక్కువగా అతని మనసేనన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చింది. ఆ పద్ధతిని బ్రిటన్‌లో జాన్ విట్‌మోర్ వంటివారు సంస్థల్లోకి తీసుకువెళ్లారు. అమెరికాలో ఆర్థిక సలహాదారుగా పనిచేసిన థామస్ లెనార్డ్ 1992లో కోచ్‌ల శిక్షణ సంస్థను, 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్‌ను (ఐసీఎఫ్) స్థాపించారు. క్రీడారంగం నుంచీ, మనస్తత్వశాస్త్రం నుంచీ, మేనేజ్‌మెంట్ నుంచీ మెళకువలు వచ్చాయి కానీ, ఆ రంగాలు ఏళ్ల తరబడి అలవరచుకున్న కట్టుబాట్లు వాటి వెంట రాలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన నైతిక నియమావళిని 1953లోనే ప్రచురించింది. కోచింగ్ సంఘాలు మాత్రం తమ నియమాలను వృత్తి విస్తరిస్తుండగానే రాసుకోవలసి వచ్చింది.

మొదటి గట్టి వివాదం చికిత్సకూ కోచింగ్‌కూ మధ్య సరిహద్దు గురించి వచ్చింది. మనస్తత్వశాస్త్ర శిక్షణ లేని కోచ్‌లు లోతైన మానసిక సమస్యలను గుర్తించలేక మేలు కన్నా కీడు చేసే ప్రమాదం ఉందని మనస్తత్వవేత్త స్టీవెన్ బెర్గ్లాస్ 2002లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో హెచ్చరించారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలోనైతే కోచింగ్ మానసిక చికిత్సల చట్టం పరిధిలోకి వస్తుందా అన్న ప్రశ్నే తలెత్తింది. చివరకు 2004లో అక్కడి చట్టసభ మినహాయింపు ఇచ్చింది. క్లయింటుకు వేరే నిపుణుల సాయం అవసరమని తోచినప్పుడు కోచ్ ఆ మాట చెప్పి దారి చూపాలన్న నియమం వెనుక ఈ నేపథ్యం ఉంది.

నా దృష్టిలో ఇంతకన్నా చిక్కైన సమస్య డబ్బు ఎవరు చెల్లిస్తున్నారన్నది. సంస్థల్లో కోచింగ్ పొందేది ఉద్యోగి, ఖర్చు భరించేది యాజమాన్యం. మూడో సమావేశం ముగిశాక మానవ వనరుల అధికారి కోచ్‌కు ఫోన్ చేసి, “మేడమ్, ఆయన ఎలా ఉన్నారు? వచ్చే ప్రమోషన్‌కు పనికొస్తారంటారా?” అని మామూలుగానే అడుగుతారు. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ అప్పటికే ఆ ఉద్యోగి తాను ఉద్యోగం మానేద్దామనుకుంటున్నట్టు కోచ్‌కు చెప్పి ఉంటే, ఆమె ఒక్క క్షణం తటపటాయించినా చాలు, అవతలివారికి సగం సమాధానం అందిపోతుంది. అందుకే పని మొదలు కాకముందే ముగ్గురూ కలిసి కూర్చొని ఏ సమాచారం ఎవరికి చేరుతుందో, ఏది బయటకు రాదో ఒప్పందంలో రాసుకోవాలని నియమావళులు కోరుతున్నాయి. ప్రాణాపాయం, చట్టవిరుద్ధమైన చర్య వంటి సందర్భాల్లో గోప్యతకు మినహాయింపు ఉంటుందని క్లయింటుకు ముందే తెలియజేయడం కూడా అందులో భాగమే. ఈ ఒక్క సమావేశాన్ని తొందరలో దాటవేసిన చోట తరువాత ఎంత నైపుణ్యం చూపినా నమ్మకం నిలబడదు.

అర్హతల గురించి అబద్ధం చెప్పకూడదు, క్లయింటుతో ప్రేమ సంబంధం పెట్టుకోకూడదు, ఎవరినైనా సిఫార్సు చేసి కమీషన్ తీసుకుంటే ఆ సంగతి చెప్పాలి అన్న నియమాలు చూడగానే అర్థమయ్యేవే. అయినా వాటి అవసరం తీరలేదు: ఆన్‌లైన్ వ్యాపార కోచింగ్ పేరిట వేలాది మంది నుంచి 12.5 కోట్ల డాలర్లకు పైగా గుంజారన్న ఆరోపణపై వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కోర్టుకు వెళ్లింది.

సంఘాల మధ్య ఏకాభిప్రాయం మెల్లగా వచ్చింది, ఇప్పటికీ పూర్తి కాలేదు. 2011లో ఐసీఎఫ్, యూరోపియన్ మెంటరింగ్ అండ్ కోచింగ్ కౌన్సిల్ కలిసి స్వయం నియంత్రణకు ఒక ఉమ్మడి ఒడంబడికను రూపొందించి యూరోపియన్ యూనియన్ వద్ద నమోదు చేయించాయి. 2016లో ఆ కౌన్సిలూ, అసోసియేషన్ ఫర్ కోచింగూ కలిసి గ్లోబల్ కోడ్ ఆఫ్ ఎథిక్స్‌ను తెచ్చాయి. ఐసీఎఫ్ మాత్రం సొంత నియమావళినే ఎప్పటికప్పుడు సవరించుకుంటూ కొనసాగుతోంది.

ఈ పత్రాలన్నిటికీ ఉన్న పరిమితి ఒక్కటే: సభ్యులకు తప్ప అవి ఎవరికీ వర్తించవు. ఫిర్యాదు రుజువైతే సంఘం ఆ కోచ్ సభ్యత్వాన్నో, గుర్తింపునో తీసేయగలదు. అతను మర్నాడు అదే పని అదే పేరుతో చేసుకుంటే ఆపలేదు. అసలు ఏ సంఘంలోనూ చేరనివారి సంగతి సరేసరి. కాబట్టి నియమావళికి నిజమైన పట్టు ప్రస్తుతం కొనుగోలుదారు చేతిలోనే ఉంది. ఫలానా నియమావళికి కట్టుబడతాననీ, ఫిర్యాదు వస్తే ఆ సంఘం విచారణకు సహకరిస్తాననీ కోచ్‌తో ఒప్పందంలోనే రాయించుకుంటే, సంఘం పెట్టుకున్న నియమం చట్టం అమలు చేయగల షరతుగా మారుతుంది.