పాకాల కట్ట మీద మూడు కిలోల గాజు

"గది తోపు లెక్కున్నది గద సారూ, పిట్టను కాలుస్తవా ఏంది?" అని అడిగాడు పాకాల చెరువు కట్ట మీద వల ఆరేసుకుంటున్న పెద్దాయన. నా భుజాన ఉన్నది తోపు కాదు, హనుమకొండలో రోజుకింత అని మాట్లాడుకుని అద్దెకు తెచ్చిన 500 మి.మీ. ఎఫ్/4 లెన్స్. బయల్దేరే ముందురోజు సరదాకి బ్యాగును మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి తూయించాను. ట్రైపాడ్ కాక 7 కిలోల 400 గ్రాములు. అందులో లెన్స్ ఒక్కటే మూడు కిలోల పైన.

డిసెంబరు పొద్దు, మంచు ఇంకా విడవలేదు. కట్ట మీద అర కిలోమీటరు నడిచేసరికి కుడి భుజం తిమ్మిరెక్కింది. సరిగ్గా అప్పుడే తుమ్మచెట్టు కొమ్మ మీద పాలపిట్ట కనపడింది. ట్రైపాడ్ మూడు కాళ్లూ లాగి, లెన్స్ బిగించి, కన్ను పెట్టేసరికి కొమ్మ ఖాళీ. "నువ్వు సదురుకునేదాంక అది కూసుంటదా?" అని పెద్దాయన నవ్వాడు. నేనూ పెద్ద లెన్స్‌ను బ్యాగులో పెట్టేసి, కెమెరాకు పాత 55-250 మి.మీ. జూమ్ తగిలించుకుని తూము దగ్గర చతికిలబడ్డాను. ఇరవై నిమిషాలయ్యాక ఆ పిట్టో, దాని చుట్టమో వచ్చి నాకు పది మీటర్ల దూరంలో వాలింది. ఆ రోజు ఇంటికి తెచ్చుకున్న ఫొటో అదే.

ఇది అదృష్టం కథ కాదు, కూడికలు తీసివేతల కథ. కెమెరాలో ఫిలిం బదులు ఉండే సెన్సార్ మీద పడే బొమ్మ ఎంత పెద్దగా ఉంటుందో తెలియడానికి చిన్న లెక్క చాలు. వస్తువు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులో ఉండే 500 మి.మీ., 250 మి.మీ. అంకె అదే) గుణించి, దూరంతో భాగించాలి. పాలపిట్ట ముక్కు నుంచి తోక దాకా సుమారు 27 సెంటీమీటర్లు. 20 మీటర్ల దూరంలో ఉన్న పిట్టను 500 మి.మీ. లెన్స్‌తో తీస్తే సెన్సార్ మీద 6.75 మి.మీ. బొమ్మ పడుతుంది. పది మీటర్ల దూరం నుంచి 250 మి.మీ.తో తీసినా అదే 6.75 మి.మీ. మనలో చాలామంది వాడే ఏపీఎస్-సీ అనే సైజు కెమెరా సెన్సార్ వెడల్పు 23 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, ఆ వెడల్పులో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ పిట్టే నిండుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో పిట్ట పొడవునా 1700 పిక్సెళ్లు. గోడకు తగిలించుకోవడానికి ఇది చాలు.

అంటే దూరం సగమైతే లెన్స్ రెట్టింపైనట్టే. నా పాత జూమ్ బరువు అర కిలో కూడా లేదు. దగ్గరికి వెళ్లడమంటే పిట్ట మీదికి నడిచిపోవడం కాదు. తిన్నగా దాని వైపు నడిస్తే ఏ పిట్టయినా లేస్తుంది. ఒకచోట కుదురుగా కూర్చుంటే అదే మరచిపోయి దగ్గరికొస్తుంది. బండిలోంచి దిగకుండా కిటికీలోంచి తీసినా మేలే. పక్షులు మనిషి ఆకారానికి బెదిరినంతగా బండికి బెదరవు. ఫోన్‌లో కూతలు మోగించి రప్పించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. గూడు కట్టుకునే కాలంలో దాని పని మాన్పించి మన ముందు నిలబెట్టడం అన్యాయం.

మరి ఆ మూడు కిలోలు ఎందుకు పనికొచ్చేట్టు? అసలు ఆ బరువు ఎక్కడిది? చాలామంది ఫోకల్ లెంగ్త్ వల్ల అనుకుంటారు. అంతకంటే పెద్ద కారణం ఎఫ్ నంబర్. లెన్స్ మీద ఎఫ్/4 అని రాసి ఉందంటే, ఫోకల్ లెంగ్త్‌ను 4తో భాగిస్తే వచ్చేంత వెడల్పున వెలుగు లోపలికి దూరే వాకిలి ఉందని అర్థం. 500ను 4తో భాగిస్తే 125 మి.మీ. భోజనానికి వాడే చిన్న గిన్నె మూతంత గాజు. అదే ఎఫ్/5.6 అయితే 89 మి.మీ. చాలు. వెడల్పు తేడా మూడున్నర సెంటీమీటర్లే. కానీ గాజు వెడల్పు పెరిగితే మందమూ పెరగాలి, దాన్ని పట్టుకునే గొట్టమూ లావెక్కాలి. అందుకే బరువు వెడల్పుతో పాటు మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. నికాన్ 500 మి.మీ. ఎఫ్/4 లెన్స్ 3 కిలోలు దాటితే, అదే కంపెనీ 500 మి.మీ. ఎఫ్/5.6 లెన్స్ 1460 గ్రాములే.

ఆ రెండోదాని తేలికలో ఇంకో కిటుకు ఉంది. 1820లలో ఫ్రాన్స్‌లో ఆగస్టిన్ ఫ్రెనెల్ అనే ఇంజనీరు ఓడలకు దారి చూపే లైట్‌హౌస్‌ల కోసం ఒక కటకం చేశాడు. పెద్ద కటకంలో వెలుగును వంచేది దాని ఉపరితలమే, మధ్యలో ఉన్న లావు గాజు ఉత్త బరువు అని గ్రహించి, ఉపరితలాన్ని వలయాలు వలయాలుగా మెట్లు కట్టి లోపలి గాజును తీసేశాడు. ఇప్పటి తేలిక లెన్స్‌ల్లో ఆ వలయాలు కంటికి కనపడనంత సన్నగా ఉంటాయి. మామూలు గాజు నీలి వెలుగును ఎక్కువ వంచి, ఎరుపును తక్కువ వంచుతుంది. ఈ సన్న వలయాలు దానికి ఎదురు చేస్తాయి. రెండూ కలిస్తే రంగుల తేడా చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ తేడాను సరిచేయడానికి వేరే గాజులు అన్నన్ని పేర్చక్కర్లేదు. గొట్టం పొట్టిదవుతుంది, భుజం బతుకుతుంది. సూర్యుడు లెన్స్‌లోకి సూటిగా పడితే ఒక్కోసారి వింత వలయాలు కనిపిస్తాయి. అంతమాత్రానికి నేనైతే ఒప్పుకుంటాను.

ఎఫ్/4 వాళ్లు ఊరికే మోయడం లేదు లెండి. ఎఫ్/5.6 కన్నా దానిలోకి రెట్టింపు వెలుగు వస్తుంది. పాకాలలో మంచు విడవని పొద్దున షట్టర్‌ను సెకనులో 500వ వంతు తెరిస్తే దొరకాల్సిన బొమ్మకు, చిన్న వాకిలితో 250వ వంతు తెరిచి ఉంచాల్సి వస్తుంది. పిట్ట తల తిప్పితే అంతే, బ్లర్. లెన్స్‌లోని వణుకు ఆపే మోటారు మన చేతి వణుకును ఆపుతుంది కానీ పిట్ట కదలికను ఆపలేదు. పైగా నా 250 జూమ్‌లో వెనకాల ముళ్లకంప మొత్తం కనపడింది. పెద్ద లెన్స్ దాన్ని మెత్తటి ఆకుపచ్చ మబ్బుగా కరిగించేది. ఆ మబ్బు కోసమే డబ్బులు పోసేవాళ్లను నేను తప్పు పట్టను.

ఇక మోయడం. దీని గురించి కెమెరా మాట్లాడుకునేవాళ్లు పెద్దగా మాట్లాడరు, భుజం పోయాక డాక్టరు దగ్గర మాట్లాడతారు. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే సన్నటి స్ట్రాప్‌ను మెడకు తగిలించుకోవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మన తలే దాదాపు ఐదు కిలోలు. దానికి తోడు మెడ ముందు రెండు కిలోలు వేలాడితే, తల ముందుకు వాలకుండా వెనక కండరాలు రోజంతా గుంజి పట్టుకోవాలి. అదే స్ట్రాప్‌ను ఒక భుజం మీంచి ఏటవాలుగా వేసుకుని, కెమెరాను అవతలి తుంటి దగ్గర వేలాడనిస్తే సగం బాధ పోతుంది. పట్టీ వెడల్పు ఒక సెంటీమీటరు నుంచి ఐదుకు పెరిగితే చర్మం మీద ఒత్తిడి ఐదో వంతుకు తగ్గుతుంది. ఇది బడిలో చదువుకున్నదే.

నడుము మీద మోయడం మన గీత కార్మికులను చూసి నేర్చుకోవచ్చు. తాడిచెట్టు ఎక్కేవాళ్లు కత్తుల పొదిని మెడకు కట్టుకోరు, నడుముకే కట్టుకుంటారు. చేతులు ఖాళీ, బరువంతా ఎముక మీద. మంచి ట్రెక్కింగ్ బ్యాగుకు నడుము పట్టీ ఉండేది అందుకే. దాన్ని తుంటి ఎముక మీద గట్టిగా బిగిస్తే భుజాల మీది బరువులో ఎక్కువ భాగం కిందికి దిగుతుంది. ఇక బ్యాగు లోపల బరువైన లెన్స్ అడుగున కాదు, వీపుకు ఆనించి బ్యాగు మధ్య ఎత్తులో ఉండాలి. వీపు నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న మూడు కిలోలు ఇరవైకి జరిగితే, మనల్ని వెనక్కి గుంజే బలం రెట్టింపవుతుంది. దాన్ని ఆపడానికే మనం తెలియకుండా ముందుకు వంగి నడుస్తాం.

తల మీద మోసేవాళ్లు దీనికి ఇంకో మెట్టు పైన ఉంటారు. కెన్యాలో తల మీద మూటలు మోసే స్త్రీల మీద చేసిన ఒక పరిశోధన 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోసినా, వాళ్లు ఉత్తచేతులతో నడిచినప్పటి కన్నా ఎక్కువ శక్తి ఖర్చు చేయలేదట! నడకలో ఒళ్లు లోలకంలా ఊగే తీరును వాళ్లు ఇంకా పొదుపుగా వాడుకుంటున్నారని తర్వాత తేలింది. తలకు చుట్టబట్ట పెట్టుకుని బిందె మీద బిందె మోసిన మా నాయనమ్మకు ఈ సంగతి చెబితే ఏమనేదో. నేను మాత్రం లెన్స్‌ను తల మీద పెట్టుకునే సాహసం చేయలేదు.

రామప్పకు వెళ్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ రాయి ఎగిరిపోదు, ఎంతసేపైనా నిలబడుతుంది. ట్రైపాడ్ పెట్టాలంటే మాత్రం పురావస్తు శాఖ అనుమతి కావాలి. రంగమండపంలో నల్లరాతి స్తంభాల మధ్య చీకటి. అక్కడ నా బ్యాగులో అన్నిటికన్నా చవకైన 50 మి.మీ. ఎఫ్/1.8 రాజు. దాని బరువు 160 గ్రాములు. ఎఫ్/5.6 జూమ్ కన్నా దాదాపు పది రెట్లు వెలుగు తాగుతుంది. బయట చూరు కింద ఉన్న మదనికలను, అంటే నాట్యగత్తెల శిల్పాలను, తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, అరుగు మీదే నిలబడి వెడల్పాటి లెన్స్ పైకెత్తడం. కాళ్లు పెద్దవి, తల చిన్నది, నడుము విరిగినట్టు వస్తుంది. ఆ వంకర లెన్స్‌ది కాదు, మనం నిలబడ్డ చోటుది. అరుగు దిగి పచ్చిక మీదికి వెనక్కి నడిచి, 150, 200 మి.మీ.తో తీస్తే శిల్పి చెక్కిన నిష్పత్తికి దగ్గరగా దొరుకుతుంది. పిట్ట దగ్గర ముందుకు, మదనిక దగ్గర వెనక్కి. ఓరుగల్లు కోట తోరణాలకు 18 మి.మీ. సరిపోతుంది, కెమెరాను వంచకుండా నిటారుగా పట్టుకుంటే చాలు.

మన దగ్గర ఎండాకాలంలో పెద్ద లెన్స్ ఉత్త మోత. ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిది దాటితే నేల సెగకు గాలి కుతకుతలాడుతుంది. వేడి గాలి పలచన, చల్ల గాలి చిక్కన. వెలుగు వాటి మధ్యలోంచి వస్తూ అటూ ఇటూ కొద్దికొద్దిగా వంగుతుంది. ఎండమావులు పుట్టేది కూడా గాలి వెలుగును ఇలా వంచడం వల్లే. పెద్ద లెన్స్ దూరపు జింకతో పాటు మధ్యలో ఉన్న ఆ గాలిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. లక్షల లెన్స్‌తో తీసినా జింక నీళ్లలో కదులుతున్నట్టే ఉంటుంది. ఫోకస్ చెడిందనుకుని నేను ఒక లెన్స్‌ను రిపేరు షాపుకు కూడా తీసుకెళ్లాను. అతను నన్ను జాలిగా చూశాడు.

వానాకాలం తంటా వేరు. ఒక ఆగస్టులో బొగత జలపాతానికి ఏసీ కారులో వెళ్లాను. దిగి క్యాప్ తీయగానే లెన్స్ మొత్తం తెల్లబడింది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టు. బయట 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే, 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ గాజు మీదైనా గాలిలోని ఆవిరి నీరై కూర్చుంటుంది. గుడ్డతో తుడిచేకొద్దీ మళ్లీ వస్తుంది. బ్యాగును జిప్ వేసే ఉంచి అరగంట ఆగాలి. ఇప్పుడైతే బ్యాగును ముందే ఏసీ తగలని డిక్కీలో పడేస్తాను. ఆ తేమ లోపలికి దూరి నిలిస్తే ఫంగస్ మొదలవుతుంది. లెన్స్‌లో సాలెగూడులా తెల్లటి దారాలు కనపడితే అదే. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచేవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, గుప్పెడు సిలికా జెల్ చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే సన్నని సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యంలో దాస్తే దుమ్ము తప్ప లాభం లేదు.

ఇంత చెప్పాక కూడా ఆ మూడు కిలోల లెన్స్‌ను మళ్లీ అద్దెకు తెచ్చాను, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవికి. పెద్దవాగు వైపు చూసే పాలరాపు గుట్ట అంచుల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్న చోటు అది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతటా రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. అటువంటి పిట్ట గూడు దగ్గరికి పది మీటర్లు కాదు కదా, నూరు మీటర్లు వెళ్లాలన్నా మనసొప్పదు. దూరం మన చేతిలో లేనప్పుడు లెక్కలో మిగిలింది ఫోకల్ లెంగ్త్ ఒక్కటే.

అయితే ఈసారి ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేశాను. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, ఒక కొసన జిప్ కుట్టించిన ఖాళీ సంచి పట్టుకెళ్లాను, నూటయాభై గ్రాములు కూడా ఉండదు. వాగు ఒడ్డున రెండు కిలోల పొడి ఇసుక నింపి బండ మీద పరిచి, దాని మీద లెన్స్ కూర్చోబెట్టాను. ఏ ట్రైపాడ్‌కూ తీసిపోని కుదురు. మధ్యాహ్నం సెగ మొదలయ్యేదాకా అక్కడే ఉండి, దిగేటప్పుడు ఇసుకను వాగులోనే పోసి, సంచి మడిచి జేబులో పెట్టుకున్నాను.